సదరంల ఎంత పడ్డది?

చిట్యాల మండలంలో ఏ తల్లి అయినా, బుద్ధి నెమ్మదిగా ఎదుగుతున్న కొడుకుని వెంటబెట్టుకుని బస్సు దిగితే చాలు, ఎదురొచ్చిన చుట్టమల్లా ఒకే ప్రశ్న వేస్తాడు: "ఏమే, సదరంల ఎంత పడ్డది?" పోరడు బడికి పోతున్నాడా, నలుగురితో ఆడుతున్నాడా, రాత్రి నిద్రపోతున్నాడా అన్నవి తీరిక దొరికితే అడిగే సంగతులు. ముందు శాతం. మునుపు కులమూ ఇంటిపేరూ అడిగేవాళ్లం. ఇప్పుడు అభివృద్ధి చెందాం.

సదరం అంటే వైకల్యాన్ని లెక్కగట్టే సర్కారు శిబిరం. ఉమ్మడి రాష్ట్రంలో ఒక సాఫ్ట్‌వేర్ పేరుగా పుట్టింది. ఇప్పుడు ఢిల్లీ వాళ్ల యూడీఐడీ కార్డు దాని కుర్చీలో కూర్చుంది. కార్డు మారినా జనం నోట్లో సదరం పోలేదు. దరఖాస్తు పెట్టుకోవాలి, ఫోన్‌కు మెసేజీ రావాలి, చెప్పిన రోజున కూలి పోగొట్టుకుని ఆసుపత్రి వరండాలో కూర్చోవాలి. భూపాలపల్లిలో కాని పని అయితే పరకాల మీదుగా వరంగల్ ఎంజీఎం దాకా. ఇన్ని తిప్పలకూ చివర దక్కేది ఒక అంకె.

చట్టం చదివితే మాత్రం కళ్లు చెమరుస్తాయి. 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలుంటే 2016 చట్టం వాటిని 21 చేసింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. ఆటిజం చేరింది, చదవడంలో రాయడంలో పిల్లలు పడే ప్రత్యేక ఇబ్బందీ చేరింది. పిల్లల్ని తొందరగా గుర్తించమన్నది, ఎవరికి ఏం అవసరమో తెలుసుకోవడానికి ఐదేళ్లకోసారి బడిపిల్లల సర్వే చేయమన్నది, తోడ్పాటు ఇమ్మన్నది. ఇంత చట్టమూ భూపాలపల్లి జిల్లాలోకి వచ్చేసరికి ఇగిరి ఇగిరి ఒక్క అంకె మిగిలింది: 40. అది అందుకున్నవాడు లబ్ధిదారు. అందుకోనివాడు, పాపం, అసలు ఏ లోపమూ లేని మహారాజు.

చిట్యాల వైపు రైతుకు శాతం కొత్త కాదు. సీసీఐ కొనుగోలు కేంద్రంలో పత్తిలో మీటరు గుచ్చుతారు. తేమ 8 ఉంటే నిండు మద్దతు ధర, 12 దాకా కోత పెట్టి తీసుకుంటారు, దాటిందా, బండి వెనక్కి తిప్పుకోవాలి. ఎండబోసి మళ్లీ తెచ్చుకో అంటారు. పత్తిని ఎండబెట్టొచ్చు. 25 శాతం పడ్డ పోరన్ని ఏం చేసి మళ్లీ తేవాలో మాత్రం ఏ బోర్డు మీదా రాయలేదు. ఇంకొంచెం చెడగొట్టి తెమ్మని కాబోలు.

25 ఊరికే అన్నది కాదు. 2018 జనవరి 4న కేంద్రం గెజిట్‌లో అచ్చేసిన మార్గదర్శకాల లెక్క చూడండి. వైన్‌లాండ్ సామాజిక పరిణతి కొలమానంలో పిల్లవాడికి 55 నుంచి 69 మధ్య వస్తే 50 శాతం వైకల్యం. 70 నుంచి 84 మధ్య వస్తే 25 శాతం. నడుమ ఇంకో మెట్టు లేదు. అంటే 69 వచ్చినవాడికి పింఛను, 70 వచ్చినవాడికి నమస్కారం. ఆ ఒక్క పాయింటు పోరడు ఎలా సంపాదించాడో, ఏ పిన్నమ్మ ఎన్ని నెలలు పక్కన కూర్చుని చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్పితే వచ్చిందో గెజిట్‌కు అక్కర్లేదు. నేర్పినందుకు ఆ ఇంటికి నెలనెలా జరిమానా.

ఆ పింఛను తక్కువదేం కాదు మరి. 2014లో 1,500, 2019లో 3,016, 2023లో 4,016. అదే ఏడు ఎన్నికల సభల్లో 6,016 అని మైకులు మోగాయి. చివర ఆ 16 శుభసూచకం కాబోలు. పిల్లవాడికి ఇచ్చే కార్డుకు రంగులు కూడా ఉన్నాయి: 80, ఆపైన అయితే నీలం, 40 నుంచి 79 దాకా పసుపు, 40 లోపైతే తెలుపు. రేషన్ దుకాణం ముందు ఇన్నేళ్లు తెల్లకార్డు కోసం కొట్లాడిన మనిషికి, ఇక్కడ తెల్లకార్డంటే ఏమీ రాని కార్డని చెప్పి ఒప్పించడం కంప్యూటర్ ఆపరేటర్‌కు రోజూ ఉండే శిక్ష.

అసలు వైన్‌లాండ్ కొలమానం చెడ్డది కాదు. ఎడ్గార్ డాల్ అనే అమెరికా మనస్తత్వవేత్త తయారుచేస్తే, మన దేశానికి తగ్గట్టు నాగపూర్‌లో మాలిన్ మలిచాడు. మొత్తం 89 అంశాలు. చేత్తో తింటాడా, బట్టలు తొడుక్కుంటాడా, వీధిలోకి ఒక్కడే పోయి రాగలడా, డబ్బులిస్తే దుకాణంలో సామాను తెస్తాడా, ఇలాంటివి. పిల్లవాణ్ణి అడిగేది తక్కువ, తల్లిని అడిగేది ఎక్కువ. తల్లిని తీరిగ్గా కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, ఒక్కొక్కటే అడిగితే పోరడికి ఎక్కడ చెయ్యి పట్టుకోవాలో, ఎక్కడ వదలాలో అవే చెప్పేస్తాయి. కానీ తల్లి ఆ కుర్చీలో కూర్చునేసరికే వరండాలో పాఠం అయిపోయి ఉంటుంది. ముందు వచ్చిపోయిన అనుభవజ్ఞులు చెవిలో చెప్పి ఉంటారు: "ఏం అడిగినా రాదనే చెప్పు పిల్లా. వస్తదన్నవా, కొట్టుకపోతది." తర్వాత నాటకం ఇలా నడుస్తుంది.

"తానం తనే చేస్తడా అమ్మా?"

"చెయ్యడు సార్."

పోరడు పక్కనే నిలబడి వింటుంటాడు. పొద్దున బోరింగు కాడ తనే నీళ్లు కొట్టుకుని, తానం చేసి, తల దువ్వుకుని వచ్చినవాడు.

"బట్టలు?"

"నేనే తొడగాలె సార్."

"పేరు అడిగితే చెప్తడా?"

"చెప్పడు సార్. ఏం చెప్పడు."

పోరడు పేరు చెప్తాడు. ఇంటిపేరుతో సహా, ఊరితో సహా, గట్టిగా. వాడి జీవితంలో ఒక ఆఫీసరు అడిగిన ప్రశ్నకు టకీమని జవాబు చెప్పడం అదే మొదటిసారి. తల్లి వెనకనుంచి వాడి చెయ్యి గిల్లుతుంది.

అదే తల్లి జూన్‌లో ప్రైవేటు బడి మెట్లెక్కుతుంది. అక్కడ పాఠం తిరగబడుతుంది. "అన్నీ వస్తయ్ మేడం. ఏబీసీడీలు వస్తయ్. ఫోన్ల పాటలు తనే పెట్టుకుంటడు." మేడం పేరు అడిగితే పోరడు నోరు విప్పడు. వాడికి గిల్లుడు గుర్తుంటుంది. "కొత్తకు సిగ్గు మేడం" అంటుంది తల్లి. ఒకే పిల్లవాడికి రెండు జాతకాలు: బోర్డు ముందు ఏమీ రానివాడు, బడి ముందు అన్నీ వచ్చినవాడు. నిజం చెబితే రెండు చోట్లా నష్టమే అయ్యేలా ఏర్పాటు చేసిన పెద్దలు మాత్రం సెమినార్లలో తలలు పట్టుకుంటారు: ఈ గ్రామీణ తల్లులు సరైన సమాచారం ఇవ్వరండీ, వాళ్లలో అవగాహన పెరగాలండీ.

ఇక మనస్తత్వవేత్త బల్ల. దాని మీద ఒక చెక్క పలక ఉంటుంది. అందులో పది గుంటలు: గుండ్రం, చతురస్రం, త్రిభుజం, నక్షత్రం, సిలువ వగైరా. వాటికి సరిపోయే పది చెక్కముక్కలు. సెగ్విన్ ఫాం బోర్డు అంటారు. పిల్లవాడి చేత మూడుసార్లు పెట్టించి, తక్కువ పట్టిన సమయాన్ని లెక్కలోకి తీసుకుంటారు. పని తెలిసిన మనిషి ఆ మూడు విడతల్లో సెకన్లు మాత్రమే చూడదు. మొదటిసారి నక్షత్రాన్ని సిలువ గుంటలో కుక్కినవాడు రెండోసారి ముక్కను తిప్పి చూశాడా? చెప్పింది వినపడక ఆగాడా, అర్థంకాక ఆగాడా? ముక్క గుంటలో పడగానే తల్లి మొహం చూశాడా? బడి టీచరుకు పనికొచ్చే నివేదిక అక్కడే తయారవుతుంది. కానీ బయట వరుస గేటు దాకా ఉంది. సాయంత్రానికి అందరికీ అంకెలు పడాలి. గడియారం చూసి రాసేస్తుంది. ఆమెను తిట్టి లాభం లేదు. ఆమెను ప్రభుత్వం అడిగింది అంకెనే, పిల్లవాడి గురించి అడగలేదు.

ఈ అంకె పుట్టిన ఊరు పారిస్. 1904లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఒక సంఘం వేసింది, మరుసటి ఏడు ఆల్ఫ్రెడ్ బినే, థియోడర్ సిమోన్ కలిసి మొదటి పరీక్ష తయారుచేశారు. బడిలో వెనకబడుతున్నది ఎవరో తెలిస్తే వాళ్లకు వేరే విధంగా చెప్పొచ్చుగదా అని. తెలివి పుట్టుకతో ఎంతో అంతే అనేవాళ్ల మీద బినే మండిపడ్డాడు. వెనకబడ్డ పిల్లలకు శ్రద్ధ, జ్ఞాపకం పెరిగే కసరత్తులు కూడా రాసిపెట్టి 1911లో కన్నుమూశాడు. లోకం ఆయన కసరత్తులు అక్కడే వదిలేసి పరీక్షను ఎత్తుకుపోయింది. మన దేశంలో కామత్ అనే ఆయన దాన్ని కన్నడ, మరాఠీ పిల్లల కోసం మార్చాడు. అదే బినే–కామత్ పరీక్షగా ఇవాళ్టికీ వాడుకలో ఉంది. పారిస్ నుంచి ధార్వాడ మీదుగా అంకె చిట్యాల దాకా క్షేమంగా చేరింది. సాయం మాత్రం ఓడ ఎక్కలేదు.

బడి సంగతికొద్దాం. ప్రతి మే నెలలో ప్రైవేటు బడి ముందు ఫ్లెక్సీ వెలుస్తుంది: వంద శాతం ఫలితాలు. అక్కడా శాతమే. ఆ బడి మన పోరణ్ణి ఎలా అంచనా వేస్తుందో చూడండి. ఎల్‌కేజీలో "హుషారు". ఒకటో తరగతిలో "అల్లరి". మూడులో "సోమరి". ఐదులో "ట్యూషన్ పెట్టించండి". ఎనిమిదిలో "సెల్‌ఫోన్ ఎక్కువ చూపిస్తున్నారా?" పదిలో, అదీ సంక్రాంతి సెలవుల తర్వాత, హెడ్మాస్టరు తండ్రిని పిలిచి, తలుపు వేసి, గొంతు తగ్గించి: "మీ వాడికి సర్టిఫికెట్ ఏమన్నా ఉన్నదా అన్నా?" పరీక్షలో అదనపు సమయం వస్తుంది, రాసిపెట్టే మనిషి దొరుకుతాడు, ఫ్లెక్సీ నిలబడుతుంది. పన్నెండేళ్ల ఫీజుకు ఆ బడి చేసిన మొట్టమొదటి మానసిక నిర్ధారణ ఇది.

చదవడంలో ప్రత్యేక ఇబ్బంది ఉన్న పిల్లలకు ఆ 2018 మార్గదర్శకాల ప్రకారం 8 ఏళ్లు నిండాకే సర్టిఫికెట్ ఇస్తారు, 14లో ఒకసారి, 18లో ఒకసారి మళ్లీ చూస్తారు. ఇందులో న్యాయముంది. అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కునేవాడి తప్పుల్ని లోపం అనకూడదు. అయితే సర్టిఫికెట్‌కు 8 ఏళ్లు ఆగమంటే, సాయానికీ అప్పటిదాకా ఆగాలని మన బడులు అర్థం చేసుకున్నాయి. పైగా 2022–23 నుంచి సర్కారు బడుల్లోనూ ఒకటో తరగతి నుంచే ఇంగ్లిష్ మీడియం. ఇంట్లో ఒక తెలుగు, పుస్తకంలో ఇంకో తెలుగు, మిగతా పాఠాలన్నీ ఇంగ్లిష్. వీటి మధ్య పోరడు తడబడితే లోపం వాడి మెదడుదే.

సర్కారు ఏమీ చేయలేదంటే పాపం తగులుతుంది. మండలాల్లో ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, వాటిలో ఐఈఆర్‌పీలనే ప్రత్యేక టీచర్లున్నారు. రాలేని పిల్లల ఇళ్లకు వీళ్లే పోతారు. ఈ మొత్తం కథలో తల్లిని "పోరడు ఎట్లున్నడు?" అని అడిగే మనిషి ఎవరన్నా ఉంటే ఆ టీచరే. అందుకే ఆమెను కాంట్రాక్టులో ఉంచాం. కేంద్రానికి భవిత అని పేరు పెట్టి, అందులో పాఠం చెప్పేవాళ్ల భవితను రెన్యువల్‌కు కట్టేశాం. 2024 డిసెంబరులో వీళ్లతో సహా సమగ్ర శిక్ష ఉద్యోగులు పర్మినెంటు చేయమని, పే స్కేలు ఇవ్వమని సమ్మె శిబిరాల్లో కూర్చున్నారు.

సుప్రీంకోర్టు 2021 అక్టోబరు 28న తీర్పిచ్చింది: ప్రాథమిక తరగతుల్లో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒక ప్రత్యేక టీచరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలని. 2025 మార్చి 7న మళ్లీ గుర్తుచేసింది, పోస్టులు ప్రకటించండి బాబూ అని. తెలంగాణ 2024 డీఎస్సీలోని 11,062 పోస్టుల్లో ప్రత్యేక విద్యకు 1,016 కేటాయించింది. మంచిదే, చప్పట్లు కొడదాం. కానీ విద్యా మనస్తత్వవేత్త అనే కుర్చీ మన సర్కారు బడి పోస్టుల్లో ఇప్పటికీ లేదు. ఆ పనిని 2022లో ఎన్‌సీఈఆర్‌టీ ప్రశస్త్ అనే యాప్‌లో పెట్టి మామూలు టీచరు ఫోన్‌లోకి దించింది. 21 వైకల్యాల్లో ఏ ఛాయలున్నాయో పిల్లవాణ్ణి చూసి టీచరు ప్రశ్నలకు టిక్కు పెట్టాలి. మధ్యాహ్న భోజనం గుడ్ల లెక్క, ఓటర్ల జాబితా, ఇంటింటి సర్వే అయ్యాక.

విద్య లేని దేశమా మనది అంటే అదీ కాదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి జాతీయ సంస్థే ఉంది, ఇప్పటి పేరు నైపిడ్. ఆటిజాన్ని కొలవడానికి దేశమంతా వాడే 40 అంశాల ఐసా కొలమానం అక్కడిదే. దేశానికి తక్కెడ చేసిచ్చిన రాష్ట్రంలో, జయశంకర్ సారు పేరు పెట్టుకున్న జిల్లాలో, 2023లో మెడికల్ కాలేజీ కూడా తెరిచిన ఊరి పక్కన, బడికి ఏడాదికోసారి వచ్చి పిల్లల్ని చూసిపోయే మనస్తత్వవేత్తను పెట్టలేకపోవడం మామూలు సమర్థత కాదు.

చదువుకున్న కుటుంబాలు వేరుగా ఉంటాయనుకుంటే మీ భ్రమ. హన్మకొండలో ఇల్లు కట్టుకున్న ఉద్యోగి కొడుకుని హైదరాబాద్ తీసుకుపోయి, ఎవరూ చూడకుండా పరీక్ష చేయిస్తాడు. నివేదిక నిజంగా బాగుంటుంది: ముందు వరుసలో కూర్చోబెట్టండి, ఒకసారికి ఒకే పని చెప్పండి, నోటితో చెప్పే జవాబుకు మార్కులివ్వండి. ఆ కాగితం నేరుగా బీరువాలో పట్టుచీరల కిందికి పోతుంది. ఆడపిల్ల సంబంధాలు చెడతాయట. బడికి చెప్పడు, చుట్టాలకు చెప్పడు, కన్నతల్లికి చెప్పడు. పోరణ్ణి మాత్రం కళ్లకు గంతలు కట్టి పుస్తకం చదివిస్తామనే మిడ్‌బ్రెయిన్ శిక్షణలో చేర్పిస్తాడు. ఊళ్లో తాయెత్తు కట్టించిన ముసలవ్వను చూసి నవ్వేది కూడా ఈయనే.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన వరంగల్ వాళ్లను కదిలించండి. అమెరికాలో 1975 చట్టం ప్రకారం పిల్లవాడి ప్రణాళిక రాసే బల్ల దగ్గర తల్లిదండ్రులకు కుర్చీ ఉంటుంది. అంగీకారం ఇచ్చాక 60 రోజుల్లో పరీక్షలు పూర్తిచేయాలి, రాష్ట్రం వేరే గడువు పెట్టుకుంటే ఆ గడువులో. నచ్చకపోతే బయటి నిపుణుడి చేత చేయించమని అడగొచ్చు. అది స్వర్గమేం కాదు, ఇంగ్లండ్‌లో కూడా విద్యా మనస్తత్వవేత్త కోసం తల్లులు నెలల తరబడి వరుసలో ఉంటున్నారు. కానీ ఆ వరుస చివర వచ్చే కాగితంలో పిల్లవాడికి ఏం చేయాలో ఉంటుంది. ఇక్కడ హెడ్మాస్టరు ముందు కుర్చీ కూడా లాక్కోవడానికి జంకే మన తమ్ముడే అక్కడ టై కట్టుకుని కూర్చుని గట్టిగా అడుగుతాడు. సాయంత్రం వీడియో కాల్‌లో మాత్రం అమ్మకు చెప్పడు.

మన జిల్లాకు నిపుణులు రారని ఎవరన్నా అంటే నమ్మకండి. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగాయి. వారం తిరగకముందే ఢిల్లీ నుంచి జాతీయ డ్యాం భద్రతా సంస్థ బృందం దిగింది, ఎక్కడ కుంగింది, ఎందుకు కుంగింది, ఏ కాగితాలు కావాలి అని వరసగా అడిగింది. కుంగింది ఎంత శాతం అని రాసిచ్చి కార్డు చేతిలో పెట్టి వెళ్లిపోలేదు. కాంక్రీటుకు దక్కిన మర్యాద అది.

కాబట్టి తల్లులూ తండ్రులూ, కార్డు ఏ రంగుదైనా కానీ, చేతికి రాగానే కౌంటర్ దగ్గరినుంచి కదలకండి. పరీక్ష రిపోర్టు కాపీ అడగండి. "మా పోరనికి బడిల ఏం చెయ్యాల్నో తెలుగుల నాలుగు ముక్కలు రాసియ్యండి సారు" అనండి. రాసివ్వకపోతే అదే మాట దరఖాస్తుగా రాసి, ముద్ర వేసిన రసీదు తీసుకోండి. తర్వాత ఎంఈవో ఆఫీసుకు సమాచార హక్కు కింద రెండు ప్రశ్నలు పంపండి: మా మండలంలో ఇలాంటి పిల్లలు ఎంతమంది, వాళ్లకు ప్రత్యేక టీచర్లు ఎంతమంది? 30 రోజుల్లో జవాబివ్వాలి. మండల స్థాయి ఆఫీసుకు ఫీజు 5 రూపాయలు. తెల్ల రేషన్‌కార్డు జిరాక్సు జతచేస్తే అదీ అక్కర్లేదు.